మనలను గూర్చిన పాత పుస్తకాలు: ఏవి ఉంచుదాం?

(నెల్లూరు తీరప్రాంత గ్రామమొకదానిలో మసీదు గ్రంథాలయ ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కీర్తిశేషులైన ఒక న్యాయవాదిగారి కుటుంబం వారు దయతో ఇచ్చిన పుస్తకాలు ఏడు అట్టపెట్టెలలో ఈ గదికి చేరినవి. మనకున్నది ఒకే బీరువా. ఏవి ఉంచవలెనో, ఏవి తూకానికి వేయవలెనో చూచి చెప్పుమని కమిటీవారు నన్ను కోరినారు. నేను పండితుడను కాను. ముప్పదినాలుగేండ్లు రెవెన్యూ కార్యాలయాలలో గుమాస్తాగా రికార్డు గదుల దుమ్ములో పనిచేసినవాడిని. కాబట్టి నా కొలత గుమాస్తా కొలతే.

కాగితం పాతదైనంత మాత్రాన దానికి విలువ రాదు. వ్రాసినవాడెవరు? ఎవరి కొలువులో ఉండి వ్రాసినాడు? కంటితో చూచి వ్రాసినాడా, విని వ్రాసినాడా? విన్నదైతే ఎవరి నోట విన్నాడు? ఈ ప్రశ్నలు నేను కార్యాలయంలో నేర్చుకొన్నాననుకొనేవాడిని. నిజానికి ఇవి మన ఇంటివే. హదీసు పండితులు ఇస్నాద్ అన్నారు కదా, అదే ఇది. ఇమాం బుఖారీ వంటి మహనీయులు ఒక్క మాటను స్వీకరించే ముందు అది ఎవరి నుండి ఎవరికి చేరినదో గొలుసంతా విచారించేవారు. మధ్యలో ఒక కొక్కెం తెగి ఉంటే ఆ మాట ఎంత ఇంపుగా ఉన్నా దానిని బలహీనమైనదిగానే లెక్కించేవారు. అటువంటి వారసత్వం గల మనం చరిత్ర పుస్తకాల దగ్గరకు వచ్చేసరికి ఆ పద్ధతి మరచిపోతున్నాము. మనలను పొగిడిన పుస్తకాన్ని విచారణ లేకుండా నమ్ముతాము. తెగడిన పుస్తకాన్ని చదవకుండానే మూసివేస్తాము.

మొదటి పెట్టెలో పైననే కనిపించినది బాస్వెల్ దొర వ్రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్. 1873లో మద్రాసులో ప్రభుత్వ ముద్రణాలయంవారు అచ్చువేసినారు. అప్పటి జిల్లా ఇప్పటిది కాదు. ఒంగోలు కూడా మనలోనే ఉండేది. చెరువులు, ఉప్పు కొఠారులు, రేవులు, శిస్తు, ఇనాములు, కులాలు అన్నీ ఇందులో ఉన్నవి. మన తీరం గురించి ఇంత విపులంగా వ్రాసిన పుస్తకం ఆ కాలానిది మరొకటి నాకు తెలియదు. ఉంచవలసినదే. అయితే ఇది పాలకుడు పాలకుల కోసం వ్రాసుకొన్న పుస్తకం. శిస్తు ఎక్కడ వస్తుందో అక్కడ అతని చూపు నిశితంగా ఉంటుంది. మనుష్యుల స్వభావాలను గూర్చి వ్రాసేటప్పుడు మాత్రం తన కింది ఉద్యోగులు చెప్పినది వ్రాస్తాడు. లెక్కలున్న పుటలను ఒక విధంగా, స్వభావాలను వర్ణించే పుటలను ఇంకొక విధంగా చదవవలెను.

ఇక్కడ నేను చూచిన ఒక వ్యవహారం చెప్పవలెను. ఊరి పేరు వద్దు. సముద్రపు ఒడ్డున ఉన్న గ్రామం. ఖబరస్తాన్ హద్దుపై తగాదా వచ్చినది. కమిటీవారు ఎంతో శ్రమపడి ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలో తమ ఊరి ముసల్మానుల ప్రస్తావన ఉన్న పుటను జిరాక్సు తీయించి, పైన ప్లాస్టిక్ తొడుగు వేయించి మరీ తెచ్చినారు. అధికారి దానిని మర్యాదగా చూచి, సర్వే నంబరు ఎంత అని అడిగినారు. ఆ పుటలో నంబరు లేదు, విస్తీర్ణం లేదు, హద్దులు లేవు. ఆ ఊళ్లో ముసల్మానులు ఉన్నారన్నది తప్ప దానివల్ల ఏమీ తేలలేదు. తరువాత అదే గ్రామపు డైగ్లాట్ తీయించినారు. అందులో ఆ భూమి పోరంబోకు అని ఉన్నది. కమిటీ పెద్దాయన ముఖం వాడిపోయినది. అదే వరుసలో చివరి గడిలో, రిమార్కుల కింద, మహమ్మదీయుల శ్మశానం అని చిన్న అక్షరాలలో ఉన్నది. ఆ గడి వరకు చదివినవారు అంతకుముందు ఎవరూ లేరు.

డైగ్లాట్ అంటే పిల్లలకు తెలియకపోవచ్చును. భూములను మరల సర్వే చేసి శిస్తు నిర్ణయించినప్పుడు గ్రామం వారీగా తయారైన రిజిస్టరు అది. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషలలో అచ్చయినందున ఆ పేరు వచ్చినది. రైతువారీ గ్రామాలకు అది చూడవలెను. వేంకటగిరి వంటి జమీందారీలలోని గ్రామాలకైతే 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్మెంటు ఫెయిర్ అడంగల్ చూడవలెను. వీటన్నిటికంటె పాతది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమీషన్ వేసినది. ఊరూరా ఇనాందారులను పిలిపించి, సన్నదులు చూచి, ఎవరిచ్చినారు, ఎందుకిచ్చినారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉన్నది అని విచారించి వ్రాసినారు. ఆ ఎందుకు అన్న గడిలోనే మన తగాదాలలో సగం దాగి ఉన్నవి. మసీదు సేవకు ఇచ్చినదా, ఖాజీగారికి సొంతానికి ఇచ్చినదా? 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చి రైతువారీ పట్టాలు ఇచ్చేనాటికి ఈ భేదాన్ని పట్టి అడిగినవారు ఎన్నో చోట్ల లేకపోయినారు.

ఇవి పుస్తకాలా అని మీరు అడగవచ్చును. నా దృష్టిలో ఇవే మొదటి పుస్తకాలు. పెట్టెలలో ఇవి లేవు. మన చుట్టుపక్కల గ్రామాలకు సంబంధించినంత వరకు నకళ్లకు దరఖాస్తు చేసి తెప్పించి బీరువాలో మొదటి అర వీటికి ఇవ్వమని కమిటీవారికి మనవి. 1960లలో వెలువడిన వక్ఫ్ గెజిట్ ప్రతి కూడా వాటి పక్కన ఉండవలెను. 2025 సవరణ చట్టంతో వాడుక ద్వారా వక్ఫ్ అన్నది ఇకముందుకు లేకుండా పోయినది. చట్టానికి పూర్వమే నమోదై ఉన్నవి నిలుస్తాయి. కాని తగాదా ఉన్నా, ప్రభుత్వ భూమి అన్నా ఆ రక్షణ లేదు. పోరంబోకు అన్న ఒక్క మాట ఎంత దూరం పోగలదో ఆలోచించండి. బాస్వెల్ వంటి పుస్తకాన్ని న్యాయస్థానం చూడదని కాదు. 1951లోనే సుప్రీంకోర్టు, జిల్లా గెజిటీరులోని మాట తుది నిర్ణయం కానక్కరలేదని, అయినా అధికారిక పత్రంగా దానికి కొంత విలువ కలదని చెప్పినది. ఆ కొంతను కొంతగానే వాడుకోవలెను.

రెండవ పెట్టెలో థర్‌స్టన్ వ్రాసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలు ఉన్నవి. మొత్తం ఏడు; 1909 నాటివి. మనకు చేరినవి మూడే. ఈయన మద్రాసు మ్యూజియం అధికారి. మనుష్యుల ముక్కులను, పుర్రెలను కొలిచి, ఆ కొలతలను బట్టి జాతులను వర్గీకరించవచ్చునని నమ్మినవాడు. ఆ శాస్త్రం ఏనాడో కూలిపోయినది. దూదేకులవారిని గూర్చి, లబ్బైలను గూర్చి ఆయన వ్రాసిన పుటలు చదివితే మన పిల్లలకు కోపం వస్తుంది. రావలసినదే. ఒక యువకుడు నాతో, చాచా, దీనిని చించివేద్దామన్నాడు. చించవద్దన్నాను. మనలను గూర్చి కార్యాలయాలు నూరేండ్లుగా ఏమి నమ్ముతూ వచ్చినవో తెలియవలెనంటే ఈ పుటలు చదవక తప్పదు.

ఒక మెలకువ మాత్రం పాటించవలెను. థర్‌స్టన్ సంపుటాలలో చాలా భాగం అతను చూచినది కాదు. జిల్లా మాన్యువళ్ల నుండి, జనాభా లెక్కల నివేదికల నుండి, ఉత్తరాలు వ్రాసిన ఉద్యోగుల నుండి తీసుకొన్నది. తరువాతి వారు థర్‌స్టన్ నుండి తీసుకొన్నారు. ఒకే మాట నాలుగు పుస్తకాలలో కనిపించగానే నలుగురు సాక్షులు దొరికినారని మురిసిపోతాము. గొలుసు పట్టుకొని వెనుకకు పోతే నలుగురికీ మూలం ఒక్కడే, అతను కూడా తహసీలుదారు చెప్పగా విన్నవాడే అయి ఉంటాడు.

ఇది కేవలం పండితుల ముచ్చట కాదు. మన పిల్లల ఫీజులకు, సీట్లకు, ఉద్యోగాలకు సంబంధించినది. పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక మీద 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద నాలుగు శాతం వచ్చినది. 2010 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని కొట్టివేసినది. కమిషన్ తానుగా తగిన సర్వే చేయక, ఆంత్రోపలాజికల్ సర్వేవారు వేరొక ప్రయోజనానికి సేకరించిన సమాచారంపై ఆధారపడినదన్నది ఆనాటి ప్రధాన ఆక్షేపణలలో ఒకటి. అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, పదునాలుగు వర్గాలకు కొనసాగనిచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించినది. మన వెనుకబాటు నిజం కాదని ఎవరూ అనలేరు. కాని ఆ నిజానికి ఈనాటి లెక్క కావలెను. నిన్నటి పుస్తకంలోని వర్ణన చాలదు. మన యువకులు వీధి వీధికి తిరిగి, ఎంతమంది బడి మానినారు, ఎంతమంది రొయ్యల చెరువుల పనికి, మెకానిక్ షెడ్లకు పోతున్నారు అని ఒక నోటుపుస్తకంలో తేదీతో వ్రాసి పెడితే, ఆ నోటుపుస్తకం నాకు థర్‌స్టన్ కంటె ముందు ఉంచదగినది.

హంటర్ పుస్తకాన్ని గూర్చి చెప్పకపోతే కొందరు పెద్దలు నొచ్చుకొంటారు. భారతీయ ముసల్మానులను గూర్చి 1871లో ఆయన వ్రాసిన చిన్న పుస్తకం మన సభలలో తరచు వినిపిస్తుంది. బెంగాలులో గెజిటెడ్ కొలువులు 2,111 ఉంటే ముస్లింలు 92 మందే అన్న లెక్క అందులోనిది. గొప్ప లెక్క. కాని ఆ పుస్తకం పుట్టినది, ముసల్మానులు రాణిపై తిరుగుబాటు చేయటం వారి మత ధర్మమా అన్న అనుమానంలో నుండి. తాను చెప్పినది దిగువ బెంగాలుకే వర్తిస్తుందని హంటరే స్పష్టంగా వ్రాసుకొన్నాడు. దానిని తెచ్చి, మన తాతలు కూడా అట్లే నష్టపోయినారని నెల్లూరులో మైకు ముందు చెప్పటం సరికాదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1872లోనే ఈ పుస్తకానికి దీటుగా సమీక్ష వ్రాసినారు. ఆ రెండింటినీ ఒకే దారంతో కట్టి ఉంచితే మేలు. విడిగా హంటర్‌ను ఇంటికి ఇవ్వవద్దని నా సలహా.

మనవారే వ్రాసినదైతే ఈ పరీక్ష అక్కరలేదా? నాలుగవ పెట్టెలో తుజుకె వాలాజాహీ ఇంగ్లీషు అనువాదం ఉన్నది. బుర్హాన్ ఇబ్న్ హసన్ పారసీలో వ్రాసినది; మద్రాసు విశ్వవిద్యాలయం తరఫున ముహమ్మద్ హుసేన్ నైనార్ గారు అనువదించగా 1934లో, 1939లో రెండు భాగాలుగా వచ్చినది. ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ వాలాజాహ్ ఆశ్రయంలో వ్రాసిన చరిత్ర అది. ఆ నవాబు తమ్ముడు నజీబుల్లా ఖాన్ మన నెల్లూరును ఏలినవాడు, అన్నకు ఎదురు తిరిగినవాడు. 1757లో ఇంగ్లీషువారు నవాబు పక్షాన కర్నల్ ఫోర్డును నెల్లూరు మీదికి పంపితే కోట చిక్కక వెనుకకు పోవలసి వచ్చినది. అన్న కొలువులో కూర్చున్నవాడు తిరగబడిన తమ్ముడిని గూర్చి నిష్పక్షపాతంగా వ్రాయునా? కంపెనీ పక్షాన రాబర్ట్ ఓర్మ్ వ్రాసిన యుద్ధ చరిత్ర కూడా ఈ ఘట్టాన్ని చెప్పినది. ఆయనా తన యజమానులను కాచుకొన్నవాడే. యజమానులు వేరైన ఇద్దరు ఒక మాట మీద కలిసిన చోట కాస్త నమ్మకంతో నిలబడవచ్చును. నజీబుల్లా ఖాన్ పక్షాన వ్రాసిన పుస్తకం మాత్రం నాకు దొరకలేదు. నెల్లూరువారి నోటి మాట పుస్తకానికి ఎక్కలేదని నాకు కొంత బాధ.

బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి కలిసి 1905లో తెచ్చిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలలో ఒకటి ఉన్నది. అధికంగా తెలుగు, తమిళ శాసనాలు. మన పని అందులో తక్కువ. అయినా శాసన పాఠం ఇచ్చి, దాని అర్థం కూడా ఇచ్చినారు. తప్పు చదివి ఉంటే మనం పట్టుకొనే అవకాశం పాఠకుడికి ఉంచినారు. నిజాయితీ గల పుస్తకం. ఉంచుదాం.

జియారత్ ప్రదేశాల వద్ద అమ్మే చిన్న పుస్తకాలు ఒక సంచి నిండా ఉన్నవి. సంవత్సరం లేదు, వ్రాసినవారి పేరు కూడా చాలా వాటిపై లేదు. చరిత్ర అని వాటిని చూపి ఎవరితోనూ వాదించవద్దు. కాని మన అమ్మమ్మలు, నానీమాలు చెప్పుకొన్న కథలు అందులో ఉన్నవి. వేరే అరలో ఉండనివ్వండి. సచార్ నివేదిక 2006 నాటిది. దానిలోని లెక్కలలో కొన్నింటికి ఆధారం 2001 జనాభా గణన. ఈనాటి వినతిపత్రంలో ఆ అంకెలు వేస్తే అధికారి నవ్వుతాడు. ఏ ప్రశ్నలు అడగవలెనో నేర్చుకోవటానికి మాత్రం అంతకంటె మంచి పుస్తకం లేదు. పేరు చెప్పేవారు వేలు, తెరచినవారు కొందరే. మన ప్రతికి కూడా పుటలు అంటుకొనే ఉన్నవి. కాలం చెల్లిన లా డైరీలు, పోటీ పరీక్షల గైడ్లు రెండున్నర పెట్టెలు తూకానికి వేయవచ్చును.

ఏడవ పెట్టె అడుగున ఉర్దూ చేతివ్రాత పుస్తకాలు నాలుగు దొరికినవి. షికస్తా వ్రాత, నా చదువుకు లొంగలేదు. ఒకటి జమాఖర్చుల పద్దువలె ఉన్నది. హిజ్రీ సంవత్సరాలు, పక్కన రూపాయలు, అణాలు కనిపించినవి. ఒక చోట మసీదు అన్న మాట, కొందరి పేర్లు చదవగలిగినాను. ఈ నాలుగింటికి ఇంకా ఏ అరా కేటాయించలేదు. ఆ వ్రాత చదవగలవారు మీలో గాని, మీ బంధువులలో గాని ఉంటే ఈ శుక్రవారం జుమా నమాజు తరువాత వచ్చి నాతో కూర్చోవలెనని కోరుచున్నాను. ఒకరు చదువుతూ ఉంటే నేను తెలుగులో వ్రాసుకొంటాను.