లోన్ కట్టలేకపోతే ఇల్లు ఎన్నాళ్లుంటుంది? అమెరికాలో అది మీ స్టేట్‌ని బట్టి

ఈ ఎపిసోడ్ అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల కోసం. జాబ్ పోయింది, లోన్ పేమెంట్ ఆగిపోయింది, ఇల్లు ఎప్పుడు పోతుంది?

దీనికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక రెడీమేడ్ ఆన్సర్ తిరుగుతుంటుంది. "టెన్షన్ పడకు బ్రో, బ్యాంకువాడు కోర్టుకెళ్లాలి, ఏళ్లు పడుతుంది." చెప్పినవాడు అబద్ధం చెప్పట్లేదు. ఆయన ఉండేది న్యూజెర్సీలో, అక్కడ నిజంగానే అంత. కానీ విన్నవాడు ఉండేది టెక్సాస్‌లో.

మనకి ఈ కన్ఫ్యూజన్ ఎందుకంటే, ఇండియాలో బ్యాంకు హోమ్ లోన్‌కి సాధారణంగా వాడేది 2002 నాటి సర్ఫేసీ చట్టం. వరంగల్ అయినా విజయవాడ అయినా అదే 60 రోజుల నోటీసు. అమెరికాలో ఫోర్‌క్లోజర్ అంటే ప్రధానంగా స్టేట్ చట్టం. న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి చోట్ల బ్యాంకు కోర్టులో కేసు వేసి గెలవాలి. టెక్సాస్, జార్జియా, కాలిఫోర్నియాల్లో మీరు లోన్ తీసుకున్న రోజు సంతకం పెట్టిన పేపర్లలోనే అమ్ముకునే అధికారం ఇచ్చేసి ఉంటారు. సాధారణంగా జడ్జి అవసరమే రాదు.

ఇప్పుడు టెక్సాస్ లెక్క చూద్దాం. మీరు ఉంటున్న ఇల్లయితే బాకీ కట్టడానికి కనీసం 20 రోజులు టైమిస్తూ ఒక నోటీసు. తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు ఇంకో నోటీసు. వేలం నెలలో మొదటి మంగళవారం. (ఆ మంగళవారం జనవరి 1 గానీ జులై 4 గానీ అయితే బుధవారం. పండగ రోజు మాత్రం వదిలేస్తారు!) లోన్ బాకీ మీద వేలం అయిపోయాక డబ్బు కట్టి ఇల్లు వెనక్కి తెచ్చుకునే హక్కు అక్కడ లేదు. మిషిగన్‌లో అయితే చాలా ఇళ్లకి వేలం తర్వాత కూడా 6 నెలల గడువుంటుంది. ఒకే దేశం, చూడండి ఎంత తేడానో.

దేశం మొత్తానికీ వర్తించే ఫెడరల్ రూల్ ఒకటుంది. మీరు 120 రోజులకు మించి బాకీ పడేదాకా లోన్ సర్వీసర్ ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. జనవరి 1 పేమెంట్ మిస్సయ్యారు అనుకోండి. మే మొదట్లో ఆ గడువు దాటుతుంది. అంటే టెక్సాస్‌లో జూన్ మొదటి మంగళవారానికి ఇల్లు వేలానికి రావడం చట్టప్రకారం సాధ్యమే. అయిదు నెలలు, అంతే.

ఇక్కడ ఒక్క నిమిషం జాగ్రత్తగా వినండి, ఈ వీడియో చేసిందే దీనికోసం. లోన్ మాడిఫికేషన్ లాంటి సాయం కోసం మీరు పూర్తి అప్లికేషన్, అంటే అడిగిన డాక్యుమెంట్లన్నీ కలిపి, వేలానికి 37 రోజులకంటే ముందే ఇస్తే, దాని మీద నిర్ణయం తేలేదాకా వేలం వేయకూడదు. చిన్న సర్వీసర్లకి కొన్ని మినహాయింపులున్నాయి గానీ జనరల్‌గా రూల్ ఇది. ఇప్పుడు టెక్సాస్ నోటీసు ఎప్పుడొస్తుంది? 21 రోజుల ముందు. అంటే వేలం నోటీసు వచ్చాక చూద్దాంలే అనుకుంటే, ఆ రక్షణ మీ చేతికి రాకముందే అయిపోవచ్చు! 120 రోజుల లోపల, ఫోర్‌క్లోజర్ మొదలవకముందే ఆ అప్లికేషన్ పూర్తిగా ఇచ్చేస్తే బెస్ట్. అప్పుడు దాన్ని పరిశీలించేదాకా ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టడానికే లేదు.

మరి న్యూజెర్సీవాళ్లు హాయిగా కూర్చోవచ్చా? కూర్చోకండి. అక్కడ కోర్టు పేపర్లు అందాక జవాబివ్వడానికి 35 రోజులు, మీడియేషన్ సౌకర్యం కూడా ఉంది. కానీ కేసు సాగినన్నాళ్లూ వడ్డీ, లేట్ ఫీజులు, లాయర్ ఖర్చులు బాకీకి కలుస్తూనే ఉంటాయి. అద్దె లేకుండా ఉంటున్నాం అనుకుంటారు, ఆ అద్దె మీ ఈక్విటీలోంచే పోతుంటుంది.

నా ఒపీనియన్ అడిగితే, ఇంటి ధర లోన్ కంటే బాగా ఎక్కువుండి, కొత్త జాబ్ దగ్గర్లో కనిపించకపోతే, మీరే అమ్మేయండి. వేలంలో వచ్చే రేటు, మార్కెట్ రేటు ఒకటి కాదు. లోన్ కంటే ధర తక్కువుంటే షార్ట్ సేల్ అడగొచ్చు, కాకపోతే మిగిలిన బాకీ మాఫీ చేశామని రాతపూర్వకంగా తీసుకోండి. చాప్టర్ 13 దివాలా పిటిషన్ మామూలుగా వేలాన్ని ఆపుతుంది, కానీ అది లాయర్‌తో మాట్లాడాకే.

"ఇల్లు వదిలేసి ఇండియా వెళ్లిపోతా" అనేవాళ్లకి కూడా స్టేటే ముఖ్యం. కాలిఫోర్నియాలో కోర్టు లేకుండా వేలం వేస్తే, తగ్గిన బాకీ కోసం ఆ బ్యాంకు మీ వెంట పడలేదు. టెక్సాస్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. హెచ్1బీ వాళ్లకి జాబ్ పోయాక గరిష్ఠంగా 60 రోజులే ఉంటాయి కదా, ఇంటి గడువుకంటే వీసా గడువే ముందు అయిపోతుంది. వెళ్లేముందే ఇల్లు అమ్మడానికి నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వెళ్లండి.

నేను లాయర్‌ని కాదు, కోడ్ రాసుకునే బీటెక్‌వాణ్ణి. మీ కేసు చూడ్డానికి హెచ్‌యూడీ ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్లున్నారు, ఫోర్‌క్లోజర్ తప్పించే సలహా వాళ్ల దగ్గర ఫ్రీ. "ముందు డబ్బు కట్టండి, మీ ఇల్లు కాపాడతాం" అని ఏదైనా కంపెనీ ఫోన్ చేస్తే కట్ చేసేయండి. లోన్ మార్పించే కంపెనీలు పని కాకముందే ఫీజు తీసుకోవడం ఫెడరల్ రూల్ ప్రకారం నిషిద్ధం.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ అప్లికేషన్‌లో ఏ డాక్యుమెంట్లు పెట్టాలో ఒక్కొక్కటి చూద్దాం. ఉంటాను, బై.