నడిసముద్రంలో దొంగలు పడితే



మన వీధిలో దొంగలు పడితే ఏం చేస్తాం? కేకలు పెడతాం. ఇరుగుపొరుగు లేస్తారు, కాస్త ఆలస్యంగానైనా పోలీసులు వస్తారు. మరి నడిసముద్రంలో దొంగలు పడితేనో? అక్కడ ఇరుగూ లేదు, పొరుగూ లేదు. ఓడల సంగతి మనకెందుకులే అనుకోకండి. మన దేశపు విదేశీ వ్యాపారం, బరువు లెక్కన చూస్తే, నూటికి 95 వంతులు ఓడలమీదే సాగుతున్నది. మన పొయ్యి వెలిగించే గ్యాసులోనూ, మూకుట్లో పోసే నూనెలోనూ చాలా భాగం రేవులో దిగి వచ్చినదే.

నౌకాదళం అనగానే మనకు యుద్ధమే గుర్తుకొస్తుంది. విశాఖపట్నంలో రామకృష్ణా బీచిలో నౌకాదినోత్సవం విన్యాసాలు జరిగితే ఇసుక వేస్తే రాలనంత జనం! పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని మరీ చూస్తారు. చూడవలసిందే. అయితే ఆ ఓడలు శాంతికాలంలో చేసే పోలీసు పని ఒకటి వుంది. దానికి బాణాసంచా వెలుగులుండవు గనుక మన దృష్టి అటు పోదు.

1960, 70లలో బంగారం, చేతిగడియారాలు, ఫారిన్ గుడ్డలు పడవల్లో దొంగచాటుగా వచ్చి పడేవి. ఆ సరుకు చివరికి చేరింది పట్నాల్లోని ఇళ్ళకే సుమా! వాటిని పట్టుకోవడానికి యుద్ధనౌకలను తిప్పడమంటే పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే. అందుకని 1978లో చట్టం చేసి, ఏడంటే ఏడే ఓడలతో తీరరక్షక దళాన్ని, అదే కోస్ట్ గార్డును, నిలబెట్టారు. తీరంనుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, మన ఏలుబడి. 200 నాటికల్ మైళ్ళ దాకా చేపలమీదా, నీటి అడుగునున్న చమురుమీదా హక్కు మనది. ఆ పైన వున్నది ఎవరి సొత్తూ కాని మహాసముద్రం. చిక్కంతా అక్కడే.

1999 అక్టోబరులో అలోండ్రా రెయిన్‌బో అనే ఓడ ఇండోనేషియానుంచి జపానుకు బయలుదేరింది. నిండా అల్యూమినియం దిమ్మలు. బయలుదేరిన కొద్దిసేపటికే దొంగలు ఎక్కారు. 17 మంది నావికులను కొన్నాళ్ళు నిర్బంధించి, ఆఖరికి ఒక రబ్బరు తెప్పమీద ఎక్కించి వదిలేశారు. సుమారు పదిరోజులు అల్లాడిన తరువాత వాళ్ళను ఒక చేపలపడవ వాళ్ళు చూసి కాపాడారు. దొంగలు మాత్రం ఓడకు రంగు మార్చి, పేరు మార్చి, మన పడమటి సముద్రంలోకి వచ్చారు. మన కోస్ట్ గార్డు విమానం పసిగట్టింది. వెంటబడిన ఓడ పేరేమిటనుకున్నారు? తారాబాయి! ఔరంగజేబును ఎదిరించిన మరాఠా రాణి పేరు. ఆ జట్టు ఓడలకు అహల్యాబాయి, లక్ష్మీబాయి అంటూ మన రాణుల పేర్లే పెట్టారు. తారాబాయి ఆగమన్నా దొంగలు ఆగలేదు. నౌకాదళం వారి ప్రహార్ కూడా వచ్చి కలిసింది. ఓడకు నిప్పుపెట్టి ముంచేయాలని చూసినవాళ్ళు నవంబరు 16న లొంగిపోయారు. 15 మంది దొరికారు.

కథ ఇంతటితో అయిపోతే బాగుండును. ఓడ రిజిస్టరయింది పనామాలో, యజమాని జపాను వాడు, ముద్దాయిలు ఇండోనేషియా వాళ్ళు, పట్టుకున్నది మనం. ఓడదొంగతనానికంటూ మన దేశంలో అప్పటికి ప్రత్యేకమైన చట్టమే లేదు. వున్న చట్టాలతోనే కేసు నడిపారు. 2003లో బొంబాయి సెషన్స్ కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది. 2005లో హైకోర్టు వాళ్ళను విడుదల చేసింది. చూశారా! ప్రాణాలకు తెగించి సముద్రంలో పట్టినవాడిని ఒడ్డుమీద నిలబెట్టడానికి కాగితం లేకపోయింది.

యుద్ధం పద్ధతి వేరు, పోలీసు పద్ధతి వేరు. 2008 నవంబరు 18న ఏడెన్ సింధుశాఖలో మన తబర్ నౌక, ఓడదొంగల పడవ తనను బెదిరించి కాల్పులు జరిపిందని ఎదురుకాల్పులు జరిపి ముంచేసింది. ఆత్మరక్షణ కోసమేనని నౌకాదళం చెప్పింది. తీరా ఆ పడవ దొంగలు చేజిక్కించుకున్న థాయిలాండు చేపలపడవ అనీ, దాని అసలు పనివాళ్ళు అందులోనే బందీలుగా వున్నారనీ తరువాత తెలిసింది. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ మాట తలుచుకోండి.

అది జరిగిన ఎనిమిది రోజులకే పదిమంది ముష్కరులు సముద్రం దాటి బొంబాయిలో దిగారు. పడవ దిగుతున్న ఆ కొత్తమొహాలను చూసి, మీరెవరని నిలదీసింది ఒడ్డున వుండే బెస్తవారే. ఆ దాడిలో 166 మంది చనిపోయారు. ఆ తరువాత 2009లో తీరభద్రత మొత్తం బాధ్యతను నౌకాదళానికి అప్పజెప్పారు. మత్స్యకారులకు గుర్తింపు కార్డులిచ్చి, మీరే మా కళ్ళూ చెవులూ అన్నారు.

ఓడదొంగల చట్టానికి మాత్రం ఇంకా చాలా యేళ్ళు పట్టింది. 2022 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది. నౌకాదళానికీ, కోస్ట్ గార్డుకీ నడిసముద్రంలో అరెస్టుచేసే అధికారం స్పష్టంగా వచ్చింది. యావజ్జీవం దాకా, ప్రాణం తీస్తే మరణశిక్ష దాకా వేయవచ్చు. 2024 మార్చిలోనే అది పనికొచ్చింది. మూడు నెలలుగా సోమాలియా దొంగల చేతిలో వున్న రూయెన్ అనే ఓడను మన కోల్‌కతా నౌక అటకాయించింది. మన తీరానికి 2600 కిలోమీటర్ల దూరంలో! పెద్ద విమానంలోనుంచి కమాండోలు పారాచూట్లతో సముద్రంలోకి దిగారు. తొందరపడి పేల్చేయలేదు. 40 గంటలు ఓపికపట్టారు. 35 మంది దొంగలూ లొంగిపోయారు, 17 మంది నావికులూ దెబ్బ తగలకుండా బయటపడ్డారు. మార్చి 23న ఆ దొంగలను బొంబాయి పోలీసులకు అప్పగించారు. నన్నడిగితే విన్యాసాల రోజున కొట్టే చప్పట్లలో సగం ఆ 40 గంటల ఓపికకు చెందాలి.

సముద్రంమీద గీసిన గీత కంటికి కనిపించదు. దాని బాధ దొంగలకంటే పేదవాళ్ళకే ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఇక్కడ జరుగుబాటు లేక గుజరాతు పడవల్లో కూలికి వెళతారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళను పాకిస్తాను వాళ్ళు పట్టుకున్నారు. ఇరవైమంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఏడాదికి పైగా వాళ్ళ ఆడవాళ్ళు బిడ్డలను పెట్టుకుని ఎదురుచూశారు. మనవాళ్ళూ గీత దాటిన అవతలి జాలరులను పట్టుకుంటారు, అక్కడా ఇల్లాళ్ళుంటారు. మన కళ్ళూ చెవులూ అన్నవాళ్ళ కడుపు సంగతి కూడా నౌకాదళపు లెక్కల్లోకి రావాలని అడగవలసింది ఓటున్న మనమే.

మీలో తీరప్రాంతాల వాళ్ళుంటారు. మీ ఇంటికి చేపలు తెచ్చే మనిషి భర్తో కొడుకో వేటకు వెళ్ళేవాడై వుంటాడు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డు నంబరు 1554. డబ్బు ఖర్చు కాదు. ఆమెకు తెలుసో లేదో ఒకసారి కనుక్కోండి, తెలియకపోతే రాసి ఇవ్వండి.