తలవ్రాత కాదు: డాక్టరు సలీం యూసుఫ్ హృద్రోగ పరిశోధన
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పాటలును, నాటకములును గల ఈ సాయంకాలమున హృద్రోగము సంగతి ఎత్తుట ఉచితమా యని కొంత సందేహించితిని. నేను వైద్యుడను కాను. ముప్పది యేండ్లు జమాఖర్చుల పద్దులు సరిచూచిన ఉద్యోగిని మాత్రమే. అయినను నేడు నేను చెప్పబోవు శాస్త్రజ్ఞుడు కూడ ఒక విధముగా పద్దులు సరిచూచినవాడే. ఆ చుట్టరికమును పట్టుకొని మాటలాడుటకు సాహసించుచున్నాను.

మూడేండ్ల క్రిందట మా శాఖలో నా ప్రక్క బల్లవద్ద పనిచేయుచుండిన మిత్రుడొకరు ఏబది రెండవ యేట గుండెపోటుతో మరణించిరి. వారి యింటివద్ద చేరిన మేమందరమును “తలవ్రాత, ఎవరేమి చేయగలరు?” అనుకొంటిమి. వారము దినముల తరువాత వారి సొరుగు ఖాళీ చేయు పని నాకు పడినది. అందులో సగము మాత్రమే వాడిన మాత్రల అట్టలు బయటపడినవి. అంతకు రెండేండ్ల ముందు ఒకసారి స్వల్పముగా గుండెపోటు వచ్చినప్పుడు వైద్యులు వ్రాసి యిచ్చిన మందులవి. ఒంట్లో నెమ్మదించినదని తామే మానివేసిరి. ఆ అట్టలను చూచిన నాటినుండి తలవ్రాత యను మాట నా నోట రాలేదు. అది నిజముగా తలవ్రాతయేనా యని చదువ మొదలిడితిని. ఆ చదువులో మాటిమాటికి ఎదురైన పేరు డాక్టరు సలీం యూసుఫ్.

యూసుఫ్‌గారు 1952లో నేటి కేరళ రాష్ట్రమున జన్మించిరి. బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో చదివి, 1976లో రోడ్స్ విద్యార్థి వేతనముపై ఆక్స్‌ఫర్డుకు వెళ్ళిరి. ఆనాడు గుండెపోటు మందులను గురించి వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. ఒక ఆసుపత్రిలో నూరుమంది రోగులకు మందిచ్చి చూచినవారు మేలనిరి. మరియొక చోట చూచినవారు కాదనిరి. దీనికి కారణము లెక్కలో కలదు. నూరుమందిలో ఒకరిని అదనముగా బ్రదికించు మందు చిన్న పరీక్షలో కంటికి కనబడదు. కాని అటువంటి మందు ప్రపంచమున లక్షలాది రోగులకు అందినచో బ్రదుకు ప్రాణములు వేలు. ఒక్క యింటి పద్దులో కనబడని పైస తేడా ఖజానా పద్దులో కోట్లగునని మనబోటివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కావున పరీక్షలు పెద్దవిగాను, నిరాడంబరముగాను ఉండవలెనని యూసుఫ్, రోరీ కాలిన్స్, రిచర్డ్ పీటో అను ముగ్గురును 1984లో ఒక వ్యాసమున వాదించిరి. ప్రతి రోగికిని పది పుటల పత్రములు నింపుట కాదు. చీట్లు వేసినట్లు రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మందిచ్చి, ఏ జట్టులో ఎందరు బ్రదికిరో లెక్కించుటయే ముఖ్యమని వారి మతము. ఆక్స్‌ఫర్డు బృందము నడపిన మొదటి మహాపరీక్షలో 16,000 మందికి పైగా రోగులు చేరిరి. ఆటినొలాల్ అను మందును వెంటనే ఇచ్చినచో మొదటి వారములోని హృదయ రక్తనాళ సంబంధ మరణములు నూటికి 4.6 నుండి 3.9కి తగ్గినవని 1986లో తేలెను. అదే బాటలో నడచిన రెండవ పరీక్షలో, 1988 నాటికి, 17,187 మంది రోగుల వలన ఆస్పిరిన్ మాత్ర మహిమ స్థిరపడెను. గుండెపోటు వచ్చిన దినమునుండి ఒక నెల వాడినచో అట్టి మరణములు దాదాపు నాల్గవ వంతు తగ్గినవి. కొద్ది పైసల మాత్ర అది!

1984లో యూసుఫ్‌గారు అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలకు వెళ్ళిరి. గుండె బలహీనపడి ఆయాసపడు రోగులకు ఇనాలప్రిల్ అను మందు మరణములను సుమారు ఆరవ వంతు తగ్గించునని 1991లో ప్రకటితమైన పరీక్షను నడపినవారిలో వారు ముఖ్యులు. 1992లో కెనడాలోని హామిల్టన్ నగరమునకు, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమునకు చేరిరి. అక్కడ 9,000 మందికి పైగా జనులపై జరిగి 2000లో వెలువడిన పరీక్షలో రెండు సంగతులు తేలినవి. రామిప్రిల్ అను మందు గుండెపోటును, పక్షవాతమును, హృద్రోగ మరణములను కలిపి చూడగా అయిదింట ఒక వంతుకు మించి తగ్గించినది. ఎందరో నమ్మి కొనుక్కొనుచుండిన విటమిన్ ఇ మాత్రము ఏ మేలును చేయలేదు. ఫలించిన దానిని ఫలించినదనియు, ఫలింపని దానిని ఫలింపలేదనియు ఒకే గొంతుతో చెప్పుట నిజమైన పద్దు వ్రాయువాని లక్షణము.

ఇక మన ప్రశ్నకు వచ్చుచున్నాను. అంతవరకు హృద్రోగ కారణములను గూర్చి లోకమునకు తెలిసినదానిలో అధిక భాగము ఐరోపా, ఉత్తర అమెరికా జనులను చూచి తెలిసికొన్నది. అది మనకు వర్తించునా? యూసుఫ్‌గారు 52 దేశములలో మొదటి గుండెపోటు వచ్చిన 15,152 మందిని, వారి యీడు జోడుగల ఆరోగ్యవంతులను 14,820 మందిని పోల్చి చూపిరి. ఇంటర్‌హార్ట్ అను ఈ పరిశీలన 2004లో వెలువడినది. పొగాకు, రక్తములోని చెడు కొవ్వు, రక్తపోటు, మధుమేహము, బొజ్జ, మనోవేదన యను ఆరును హాని చేయునవి. దినదినము పండ్లు కూరలు తినుట, శరీర శ్రమ, మితమైన మద్యపానము అను మూడును తక్కువ ప్రమాదముతో కూడి కనబడినవి. మద్యము సంగతి విని ఎవరును సంతోషింపవలదు. దక్షిణాసియా వారిలో ఆ మేలు కనబడలేదు. మొత్తముమీద ఈ తొమ్మిదియు కలిసి పురుషులలో నూటికి 90 వంతుల, స్త్రీలలో 94 వంతుల ముప్పునకు లెక్క చెప్పుచున్నవి. ఇది జనసమూహపు లెక్కయే గాని ఫలాని మనుష్యుని జాతకము కాదు. అయినను తలవ్రాతకు మిగిలిన చోటు ఎంత స్వల్పమో చూడుడు!

ఈ పరిశీలనలోని దక్షిణాసియా వారి వివరములు 2007లో వేరుగా ప్రకటితమైనవి. మొదటి గుండెపోటు వయస్సు తక్కిన దేశములలో సగటున 59కి దగ్గరగా నుండగా మనవారిలో 53. కారణము వేరే శాపమేదియు కాదు. ఆ హేతువులే మనలో చిన్న వయస్సున ముదురుచున్నవి. ఇది పట్టణవాసుల, ధనికుల జబ్బనుకొనుటకును వీలు లేదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామముల మరణములను పరిశీలించి వేరొక బృందము 2006లో ప్రకటించిన లెక్కలో, నూరింట 32 మరణములు గుండె, రక్తనాళముల జబ్బుల వలననే సంభవించినవి. మనము సెలవులకు వెళ్ళు ఊళ్ళవి.

కారణము తెలిసినంతమాత్రమున ప్రాణము నిలుచునా? దీనిని తేల్చుటకు యూసుఫ్‌గారి బృందము ప్యూర్ అను పేర, 2011లో ప్రకటితమైన నాటికి, 17 దేశములలోని లక్షన్నరకు పైగా జనులను చూచినది. ఇదివరకే గుండెపోటో పక్షవాతమో వచ్చిన వారిలో, మరల రాకుండ వాడవలసిన నాలుగు తరగతుల మందులలో ఒక్కటియు వాడనివారు సంపన్న దేశములలో నూటికి 11 మంది. భారతదేశము చేరిన బీద దేశముల వర్గములో 80 మంది! 2014లో మరియొక వింత బయటపడినది. బీద దేశములలో ప్రమాద హేతువులు తక్కువయే. మరణములు మాత్రము ఎక్కువ. చికిత్స అందకపోవుటయు, అందినది నిలువకపోవుటయు ఇందులకు ముఖ్య హేతువులని తోచుచున్నది. నా మిత్రుని సొరుగు నాకు ఆ లెక్కలో కనబడినది.

దీనికి ఉపాయముగా మూడు రక్తపోటు మందులను, కొవ్వు తగ్గించు మందును ఒకే మాత్రగా కూర్చి పరీక్షించిరి. సెయింట్ జాన్స్ వైద్యులతో కూడి మన దేశమున జరిపిన తొలి పరీక్ష 2009లో వెలువడినది. 5,713 మందిపై జరిగిన పెద్ద పరీక్ష 2020లో ముగిసినది. పాల్గొన్నవారిలో దాదాపు సగము భారతీయులే. ఆ మాత్రకు ఆస్పిరిన్ జోడించినచో హృద్రోగ ఘటనలు నూటికి 31 వంతులు తగ్గినవి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి కూర్పు మాత్రలను అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది.

యూసుఫ్‌గారి మాటలన్నియు వేదవాక్యములని నేననుట లేదు. ఉప్పును, ఆహారములోని కొవ్వును గూర్చి ప్యూర్ చెప్పిన సంగతులను, కొలతలు సరిగా లేవని, పలువురు శాస్త్రజ్ఞులు గట్టిగా ఖండించిరి. ఆ వాదము తీరలేదు. కాని పొగాకు, రక్తపోటు విషయమున వాదమే లేదు.

సోదరులారా! 1954లో ఢిల్లీలో మొదలైన ఆరోగ్య పథకము నేడు మనలో చాలమందికి అందుబాటులో నున్నది. మందు దొరకని బీదవాని సాకు మనకు లేదు. ఈ రాత్రి ఇంటికి పోయి ఎవరి సొరుగు వారు తెరచి చూచుకొనుడు. సగము వాడిన అట్ట దొరికినచో రేపు ఆఫీసునకు ముందు వైద్యుని వద్దకు పొండు. గృహిణులు తమ సొరుగులను కూడ మరవవలదు; మగవారి మందులు గుర్తుచేయుచు తమవి మరచువారే వారిలో ఎక్కువ.

నా మిత్రునికి ఈ మాట చెప్పలేకపోతిని. మీకు చెప్ప గలిగితిని. సెలవు.