పాత జీపులలోని రబ్బరు గొట్టములు

(మన సంఘపు వారపు కూటమిలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఈ కూటమిలో సాధారణముగా భాషను గూర్చియో, పిల్లల చదువును గూర్చియో మాటలాడుచుందుము. నేడు పాత జీపుల రబ్బరు గొట్టములను గూర్చి చెప్పబోవుచున్నామని విని కొందరు మిత్రులు నవ్విరి. అయినను ఈ కోయంబత్తూరు సీమలో మోటారు విద్య మనవారికి పరాయిది కాదు. జి. డి. నాయుడుగారు 1920లో ఒకే యొక బస్సుతో పొల్లాచ్చి, పళనుల నడుమ ప్రయాణికులను చేరవేయ నారంభించిన ప్రాంతమిది. నేటికిని పొలము పనికో, కొండతోటల పనికో మన యిండ్లలో వాడబడుచున్న పాత మహీంద్రా జీపులు, జిప్సీలు అనేకము గలవు. వానిని నడపువారు మన పిల్లలు. వానిలో కూర్చుండువారు మన తల్లులు. కావున విషయము చిన్నది కాదు.

ముందుగా మా తప్పు చెప్పుకొని, పిదప ఇతరులకు హితము చెప్పుట న్యాయము. మా యింట పాతికేండ్లు దాటిన జీపు ఒకటి గలదు. దాని రేడియేటరు పైగొట్టము ఉబ్బినదని గ్రహించి మెకానిక్కు వద్దకు తీసికొనిపోతిమి. ఆ వృద్ధుడు పైగొట్టమును, క్రిందిగొట్టమును మార్చి, “అయ్యా, హీటరుకు పోవు సన్న గొట్టములు రెండును బండితో పుట్టినవే. వీనిని గూడ మార్చుట మేలు” అని చెప్పెను. మేము చేతితో తాకి చూచితిమి. పైకి నల్లగా, నున్నగా నుండెను. “కారుట లేదు గదా, తరువాత చూతము” అంటిమి. అట్లు మేము మిగుల్చుకొన్నది నాలుగు వందల రూపాయలు.

ఆరు నెలలు గడచెను. ఒక చలికాలపు సాయంకాలమున మా తల్లిగారిని, చంటిబిడ్డతో నున్న మా కోడలిని వెంటబెట్టుకొని మెట్టుపాళయము మీదుగా నీలగిరి యెక్కుచుంటిమి. కూనూరు చేరకమునుపే చలి హెచ్చుటచే హీటరు తెరచితిమి. కొంతసేపటికి బండిలో తియ్యని వాసన యొకటి వచ్చెను. బిడ్డకు పట్టిన మందు వాసన కాబోలు ననుకొంటిమి. ఇంజను వేడిని తెలుపు ముల్లు పైకి పోయి, పిదప తనంతట తాను క్రిందికి దిగెను. వేడి తగ్గినదని సంతోషించితిమి. రెండు మలుపులు దాటులోపల ఇంజను నిలిచిపోయెను. బానెట్టు ఎత్తగా ఆవిరి తప్ప మరేమియు కానరాలేదు. ఒకవైపు లోయ, ఒకవైపు కొండ, చుట్టును మంచు. మూడు గంటల పిమ్మట ఒక కూరగాయల లారీవాడు జాలిదలచి ఆడవారిని కూనూరు చేర్చెను. వంగిపోయిన సిలిండరు హెడ్డును సరిచేయించుటకు 32,000 రూపాయలైనవి. అది పోనిండు. ఆ చలిలో మా తల్లిగారు తన శాలువ తీసి బిడ్డకు కప్పి తాను వణకుచు కూర్చుండుట మేము మరువజాలము.

ఆ గొట్టపు ముక్కనే నేడు తెచ్చితిమి. చేతులు మార్చుచు చూడుడు. పైన ఒక్క గీతయైనను లేదు. ఇప్పుడు చీల్చినవైపు త్రిప్పుడు. చివర నుండి సుమారు రెండంగుళముల మేర, లోపలి గోడలో నిలువుగా సన్నని పగుళ్లు కనబడును. వానిలో నొకటి బయటి వరకు పోయినది. నేటి మా ప్రసంగసారమంతయు ఈ ముక్కలోనే యున్నది. గొట్టము లోపలినుండి ముసలిదగును. పైచర్మము మనలను మోసగించును.

దీనికి కారణము గలదు. లోహపు మూతి, దానిలో ప్రవహించు కూలెంటు, మసి కలిపిన రబ్బరు, ఈ మూడును చేరి చిన్న బ్యాటరీవలె పనిచేయును. ఆ విద్యుద్రసాయన చర్యవలన లోపలి రబ్బరు పగులును. పగుళ్లగుండ ద్రవము లోనికి జొచ్చి, గొట్టమునకు బలమిచ్చు నూలు అల్లికను కుళ్లించును. ఆ మీద ఇంజను వేడి, కారిన నూనె తమ పని తాము చేయును. అందుచేత ఇంజను చల్లగా నున్నపుడు గొట్టమును నడుమ గాక, చివరలయందు బొటనవ్రేలితో నొక్కి చూడవలయును. నడిమి భాగముకంటె చివర మెత్తబడినను, వ్రేలిక్రింద లోపల సందులున్నట్లు తోచినను అది మార్చవలసినదే. బిరుసెక్కి చిటపటలాడినను, నూనె తగిలి ఉబ్బినను అంతే. కొందరు తయారీదారులు నాలుగేండ్లకొకసారి మార్చుమని చెప్పుదురు. పాతికేండ్ల గొట్టమును గూర్చి వేరుగ చెప్పనేల?

చిన్న గొట్టము ఇంత కీడు చేయుట యెట్లని అడుగవచ్చును. రేడియేటరు మూత నీటిని ఒత్తిడిలో నుంచును. చదరపు సెంటిమీటరుకు 0.9 కిలోల మూత యున్నచో నీరు సుమారు 118 డిగ్రీల వరకు మరగదు. మూత లేనిచో సముద్రమట్టమున 100 డిగ్రీలకే మరగును. 2,240 మీటర్ల ఎత్తున నున్న ఉదకమండలమున 93 డిగ్రీలైనను అందక మునుపే మరగును. గొట్టము పగిలిన క్షణమున ఒత్తిడి పోవును. అంతవరకు ద్రవముగా నున్న నీరు ఆవిరియై లేచును. హీటరు గొట్టము లావున 16 మిల్లీమీటర్లే కావచ్చును. అయినను ఇంజనులోని నీరంతయు ఆ దారినే పోగలదు.

ముల్లు క్రిందికి దిగుటలోని రహస్యము గూడ చెప్పెదము. వేడిని కొలుచు పరికరము నీటిలో మునిగి యుండవలయును. నీరు పోయినపుడు అది ఆవిరిలో నిలిచి సరియైన వేడిని చెప్పలేదు. కావున కొండ యెక్కునపుడు ముల్లు పైకి పోయి, హఠాత్తుగా దిగినచో సంతోషింపవలదు. వెంటనే బండి నిలిపి ఇంజను ఆపుడు. తియ్యని వాసన వచ్చినను అట్లే చేయుడు. వేడిగా నున్నపుడు మాత్రము మూత తీయరాదు; ముఖము కాలును.

ఇక మార్చు విధానము. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప మూత తీసి, హీటరు మీటను వేడివైపు త్రిప్పి, కూలెంటును వెడల్పాటి పాత్రలో వదలుడు. అందులోని గ్లైకాలు రుచికి తియ్యన, గుణమున విషము. కుక్కలు, పశువులు, పిల్లలు దాని జోలికి పోకుండ కాపాడుడు. కాలువలో పోయకుడు.

మూతికి అంటుకొనిపోయిన పాత గొట్టమును బలముగా లాగరాదు. హీటరు మూతులు పలుచని గొట్టములు. వంగినచో హీటరు మొత్తము విప్పవలసివచ్చును. బ్లేడుతో గొట్టమును నిలువున చీల్చి అరటితొక్క వలె ఒలుచుడు. మూతిపై కత్తిగీత పడకుండ చూడుడు. సన్నని ఎమరీ కాగితముతో త్రుప్పును తుడిచి, పాతదాని పొడవునకు సరిగా క్రొత్తది కోయుడు. వంపుగా పోతపోసిన గొట్టము ఉన్నచోట నేరు గొట్టమును వంచి పెట్టినచో మడతపడి నీటిని ఆపును. ఎక్కించుటకు నూనెగాని గ్రీజుగాని పూయకుడు. కూలెంటుతో తడిపిన చాలును. క్లిప్పును మూతి చివరి గట్టుకు వెనుకగా నుంచి బిగించుడు. అతిగా బిగించినచో రబ్బరు తెగును. గొట్టము సైలెన్సరు పైపుకును, ఫ్యానుకును దూరముగా నుండవలయును.

పిదప కూలెంటు పోసి, బండి ముందుభాగమును కొంచెము ఎత్తున నుంచి, హీటరు తెరచి ఇంజను నడుపుడు. లోపలి గాలి బుడగలుగా వెడలును. థర్మోస్టాటు తెరచుకొని పైగొట్టము వేడెక్కువరకు ఆగుడు. చల్లారిన తరువాత మట్టము చూచి నింపుడు. మరునాడు క్లిప్పులను మరల బిగించి చూడుడు. ఈ పనిలో నీటిపంపు దగ్గర నుండు పొట్టి బైపాసు గొట్టమును మరువకుడు. చేయి దూరని చోట నుండుటచే అందరును దానిని మరతురు.

హీటరు లేని జీపుగలవారు మాకేమి యనుకొనరాదు. కొన్ని బండ్లలో ఆ రెండు మూతులను ఒక గొట్టముతో కలిపి యుంచుదురు, అదియు రబ్బరే. దారిలో హీటరు గొట్టము పగిలినవారికి ఉపాయము గూడ అదియే. ఇంజనువైపు మూతులు రెంటిని ఒకే ముక్కతో కలిపి, నీరు నింపి నెమ్మదిగా ఊరు చేరవచ్చును. కావున మీటరు గొట్టము, రెండు క్లిప్పులు, ఒక డబ్బా నీరు ఎల్లప్పుడును బండిలో నుంచుడు.

మరియొక హెచ్చరిక. నల్లగా నున్న గొట్టములన్నియు ఒకటి కావు. నీటికి పనికివచ్చు రబ్బరు డీజిలు తగిలిన ఉబ్బి పాడగును. ఇంధనమునకు ఇంధనపు గొట్టమునే, బ్రేకు వాక్యూమునకు దానికి తగినదానినే వాడుడు. వాక్యూము గొట్టము పగిలినచో బ్రేకు పెడలు రాయివలె బిగియును; దిగుడు దారిలో ఆ సంగతి తెలియుట మంచిది కాదు.

వచ్చు ఆదివారము ఉదయము మన కార్యాలయపు ఆవరణకు మీ పాత బండ్లను తీసికొనిరండు. ఇంజను చల్లగా నుండవలెను గావున రాత్రియే తెచ్చి నిలుపుట మేలు. మాకు నాడు హితము చెప్పిన మెకానిక్కు కూడ వచ్చుటకు ఒప్పుకొనెను. ఆయన నొక్కి చూపును, యువకులు నేర్చుకొందురు. మార్చుమని ఆయన చెప్పిన గొట్టమును మాత్రము “తరువాత చూతము” అనకుడని మా ప్రార్థన. ఆ మాట ఖరీదు మాకు తెలియును.