పూచీ పడేదెవరు?

(ఎన్నూరులో తెలుగు యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగం)



ఒనేసిము మనకు తెలిసినవాడే. యజమాని దగ్గర నుండి వెళ్లిపోయిన దాసుడు. అతణ్ణి తిరిగి పంపుతూ పౌలు ఫిలేమోనుకు సిఫారసు మాత్రమే చేయలేదు, అతని బాకీ కూడా తనమీద వేసుకున్నాడు. తానే బంధకాల్లో ఉండి మరొకరికి పూచీ పడ్డాడు. ఈ రోజు నా మాట ఆ పూచీ గురించే.

ముందు మూడు మాటలు తెలుసుకుందాం. నేరం రుజువైనా జైలుకు పంపకుండా, మంచి నడవడికకు బాండు రాయించుకుని బయట ఉంచడం ప్రొబేషన్. శిక్ష మధ్యలో కొన్నాళ్లు ఇంటికి పంపడం పెరోల్. తమిళనాడు 1982 నియమాల్లో దీన్ని సెలవు అంటారు. మిగిలిన శిక్షను ప్రభుత్వం తగ్గించి పంపడం ముందస్తు విడుదల.

అండ ఉన్నవాళ్లకు ఈ తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. 2006లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఒక క్షమాభిక్ష ఉత్తర్వును రద్దు చేసి, కులం, మతం, రాజకీయ విధేయత చూసి శిక్ష తగ్గించకూడదని చెప్పాల్సి వచ్చింది.

మరి అండ లేని మన కుర్రవాడి సంగతి?

అతని కోసం 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. వయసు 21 లోపు ఉండి, నేరం యావజ్జీవ శిక్ష పడేంతటిది కాకపోతే, కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. జైలు శిక్షే వేస్తే అందుకు కారణం రాయాలి. అయితే నాలుగో సెక్షన్‌లో ఒక షరతు ఉంది. నేరస్థుడికో, పూచీదారుకో ఆ ప్రాంతంలో స్థిరమైన నివాసమో, క్రమమైన పనో ఉండాలి. అద్దె గదిలో ఉంటూ రోజుకూలీకి వెళ్లే కుర్రవాడు ఇక్కడే ఆగిపోతాడు.

బెయిల్‌లోనూ ఇదే బాధ. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి అతని అన్నదమ్ముడు పూచీ ఇస్తానన్నా, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. అది తప్పని సుప్రీంకోర్టు చెప్పింది.

"పూచీ పడవద్దని సామెతల గ్రంథం హెచ్చరిస్తోంది కదా?" అని పెద్దలు అడుగుతారు. నిజమే. బాండు షరతు తప్పితే పూచీదారు డబ్బు కట్టాల్సి రావచ్చు. ఆ హెచ్చరిక ఆలోచించకుండా చేయి కలిపేవాడికి. అందుకే ఒక్కరిమీద భారం వేయకుండా సంఘమంతా మోయాలి. ఆ కుర్రవాణ్ణి ఎరిగి, వారం వారం కలిసి, పనిలో పెట్టి, ఆపైన సంతకం చేయాలి.

"నష్టపోయినవాళ్ల మాటేమిటి?" అనీ అడగాలి. వాళ్లను మరిచిన కరుణ కరుణ కాదు. ఇలా విడుదలైనవాడు బాధితుడికి పరిహారం కట్టాలని ఆదేశించే అధికారం ఇదే చట్టం ఐదో సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. జక్కయ్య కూడా తిరిగి ఇస్తానని చెప్పాకే రక్షణ మాట విన్నాడు.

యౌవనస్థులారా, మన వీధిలో ఎవరైనా మొదటిసారి కేసులో పడితే, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయవాదిని అడగండి. ప్రొబేషన్ కోరమని గుర్తు చేయండి. అధికారి విచారణకు వస్తే తలుపు వేసుకోకండి, తెలిసిన నిజం చెప్పండి. పెద్దలారా, సొంత ఇల్లు, స్థిరమైన ఉద్యోగం దేవుడు మీకిచ్చాడు. వాటిని ఒక కుర్రవాడి పక్కన నిలబెట్టగలరా?

చెరలో ఉన్నవారికోసం ప్రతి ఆదివారం ప్రార్థిస్తున్నాం. ఇకమీదట ఆ ప్రార్థన కింద మన సంతకం కూడా ఉండాలి. దేవుడు మనకు ఆ ధైర్యం ఇచ్చును గాక. ఆమేన్.