డ్రోనుకు నమ్మదగిన మెదడు
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింది మన పొలములపై డ్రోనులు మందు చల్లుట ఇప్పుడు వింత గాదు. వానిని చూచి ఉత్సాహపడిన యువకులు విడిభాగములు కొని తామే చిన్న డ్రోనులను కూర్చుకొనుచున్నారు. ఇది ప్రోత్సహింపదగిన అభిరుచియే. ఐనను బడి మైదానములోనో, చెరువు కట్ట మీదనో ఎగురవేయుదుమని వారు మీ కడకు వచ్చినపుడు, “దీని ఫ్లైట్ కంట్రోలర్ ఎట్టిది?” అని మొట్టమొదట అడుగుడు.

ఫ్లైట్ కంట్రోలర్ అనగా అగ్గిపెట్టె ప్రమాణమున నుండు విద్యుత్ పలక. నాలుగు మోటారుల డ్రోను తనంత తానుగా గాలిలో నిలువజాలదు. అది ఎంత వేగముగా తిరుగుచున్నదో, ఏ వైపునకు ఒరుగుచున్నదో పలకలోని సెన్సార్లు కనిపెట్టును. వానిని బట్టి పలక సెకనుకు వందల పర్యాయములు మోటారుల వేగమును సరిదిద్దుచుండును. ఈ లెక్క తప్పినచో కిలో బరువు గల యంత్రము తిరుగుచున్న రెక్కలతో జనము మీద పడును. అప్పుడు నడుపువాని నేర్పు అక్కరకు రాదు. కావున పలకను వెల చూచి గాక, గుణము చూచి ఎన్నుకొనవలెను.

మొదట సాఫ్ట్‌వేరును విచారింపుడు. పందెములకు, విన్యాసములకు బీటాఫ్లైట్ నడుపు చిన్న పలకలు చాలును. ఒకచోట నిలుకడగా నిలుచుటకు, నిర్ణీత మార్గమున పోవుటకు ఆర్డుపైలట్ గాని, పీఎక్స్4 గాని తగినవి. ఇవి రెండును ఉచితముగా లభించును. జ్యూరిక్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయమున లోరెంజ్ మయర్ అను విద్యార్థి 2008లో ఆరంభించిన కృషి నుండి పీఎక్స్4, పిక్స్‌హాక్ పలకలు వెలువడినవి. పిక్స్‌హాక్ నమూనా అందరికిని అందుబాటులో నున్నందున పెక్కుమంది దానిని తయారుచేయుచున్నారు. కావున పేరు చూచి మోసపోక, ఆ తయారీదారుని పలక సాఫ్ట్‌వేరు వారి జాబితాలో కలదో లేదో చూడవలెను.

రెండవది సెన్సార్ల సంఖ్య. మేలైన పలకలో రెండు మూడు జతలుండును. ఒకటి చెడినను మరియొకటి ఆదుకొనును. మోటారుల వణుకును తగ్గించు మెత్తలును, సెన్సార్ల వేడిని నిలుకడగా నుంచు చిన్న హీటరును కొన్నిటిలో నుండును. వేసవిలో నీడ నుండి ఎండలోనికి తెచ్చిన పలకలో సెన్సారు లెక్క మారవచ్చును గనుక ఈ ఏర్పాటు మనకు మిక్కిలి ఉపయోగకరము.

మూడవది ఎత్తును, దిక్కును తెలుపు సాధనములు. ఎత్తును గాలి ఒత్తిడిని బట్టి గుర్తించు బారోమీటరును గాలి విసురు, ఎండ సోకకుండ స్పాంజితో కప్పవలెను. మిర్యాలగూడ రైసుమిల్లుల ఇనుప రేకుల చెంత, పెద్ద మోటారుల చెంత దిక్సూచి తప్పు చూపవచ్చును. కావున దిక్సూచిని జీపీఎస్‌తో కలిపి, కరెంటు తీగలకు దూరముగా, ఎత్తున అమర్చుటకు వీలున్న పలకనే కొనవలెను.

నాలుగవది ఆపదలో వర్తించు తీరు. రిమోటు సంకేతము తెగినను, బ్యాటరీ క్షీణించినను డ్రోను బయలుదేరిన చోటికి మరలి రావలెను. ముందుగా రెక్కలు తీసివేసి, రిమోటును ఆపి, పలక దీనిని గుర్తించుచున్నదో లేదో మీ ఎదుట పరీక్షింపజేయుడు. ప్రతి ప్రయాణపు వివరములను మెమరీ కార్డుపై వ్రాసికొను పలక మేలు; డ్రోను పడిపోయినచో కారణము దాని వలననే తెలియును.

ఇక చట్టము మాట. 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోనుల దిగుమతి నిషేధింపబడినది. విడిభాగములకు ఆ నిషేధము వర్తింపలేదు. 2021 నాటి డ్రోను నిబంధనల ప్రకారము 2 కిలోల లోపు డ్రోనును వ్యాపారమునకు గాక వినోదమునకు నడుపువానికి పైలట్ ధ్రువపత్రము అక్కరలేదు. ఐనను డ్రోనును నమోదు చేయింపవలెను.

పలక ఎంత మేలైనదైనను పెద్దగట్టు జాతర వంటి జనసమ్మర్దము మీదను, సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు జాతీయ రహదారి మీదను ఎగురనీయరాదు. తొలి ప్రయాణము కోత ముగిసిన పొలమున, మనుషులకు, పశువులకు దూరముగా జరుగవలెను.

యువకుల ఉత్సాహమును అణచుట మన పని గాదు. పై నాలుగు విషయములను అడిగి, సరియైన సమాధానము లభించిన పిదపనే మైదానము నిండు. అట్లయినచో ఊరి బిడ్డలకు విద్య అబ్బును, ఊరి జనమునకు భయముండదు.