దెబ్బ తగిలినవాళ్ళనే రుజువు అడిగితే

(బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊళ్ళో తెలుగు వినిపిస్తోందంటే దానికి కారణం రైలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల కుటుంబాలు పని వెతుక్కుంటూ ఈ లైను వెంట వచ్చాయి. పట్టాల మీద పలుగు పట్టినవాళ్ళు, పెట్టెలు కడిగినవాళ్ళు, స్టేషన్లు ఊడ్చినవాళ్ళు ఎక్కువమంది మన పేటలవాళ్ళే. కాబట్టి ఈరోజు నేను ఎత్తుకున్న ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. పనిలో ఒళ్ళు విరిగితే, ప్రాణం పోతే, పరిహారం అడిగినప్పుడు రుజువు ఎవరు తేవాలి?

కొన్నేళ్ళ కిందట ఒక అక్క నా దగ్గరికి వచ్చింది. ఆమె పేరు, పని చోటు చెప్పను. భర్త కాంట్రాక్టరు కింద శుభ్రం చేసే పనిలో ఉండేవాడు. పనిలో జారిపడి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆసుపత్రి చీటీలో 'పడిపోయాడు' అని ఒక్క మాట రాశారు. ఎక్కడ పడ్డాడో, ఏం చేస్తూ పడ్డాడో లేదు. కాంట్రాక్టరు ఆ పేరుగలవాడు తన దగ్గర పనే చేయలేదన్నాడు. హాజరు పుస్తకం అతని దగ్గరే ఉంది. "ఆడు రోజూ పనికెళ్ళినోడే బాబూ, పేటంతా ఎరుగును. కాయితంలో పేరు లేపోతే మనిషే లేనట్టా?" అంది. లా చదివిన నా దగ్గర ఆ పూట జవాబు లేదు.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఒక విషయం ఉందని ఎవరు అంటారో, రుజువు చేయాల్సింది వాళ్ళే. పాత సాక్ష్య చట్టంలో ఇది 101వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 104. పరిహారం కేసులో క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు. ఇలా జరిగి ఉండడానికే అవకాశం ఎక్కువని చూపిస్తే చాలు. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే ఇద్దరి చేతుల్లోనూ కాగితాలు సమానంగా ఉన్నాయని ఈ సూత్రం అనుకుంటుంది. సమానత్వం లేనిచోట సమానమైన నియమం పెడితే అది ఎవరికి అక్కరకొస్తుందో బాబాసాహెబ్‌ను చదివిన మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఒకే పట్టాల మీద నలుగురిని ఊహించుకోండి. మొదటివాడు రైలు ప్రమాదంలో చిక్కుకున్న ప్రయాణికుడు. 2025 నవంబరు 4న గేవ్రా రోడ్ నుంచి వస్తున్న మెము రైలు మన ఊరి దగ్గరే ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. పదిమందికి పైగా చనిపోయారు. అలాంటప్పుడు తప్పు ఎవరిదో బాధితులు నిరూపించనక్కర్లేదు. 1989 రైల్వే చట్టం 124వ సెక్షన్ ఆ భారం వాళ్ళ మీద పెట్టలేదు.

రెండోవాడు నడుస్తున్న రైల్లోంచి జారిపడినవాడు. ఇతనికి 124-ఎ ఉంది. ఇక్కడా తప్పుతో పనిలేదు. ఆత్మహత్య, మత్తు, సొంత నేరం వంటి మినహాయింపులుంటే వాటిని రైల్వే చూపించుకోవాలి. శవం దగ్గర టికెట్ దొరకలేదన్న ఒక్క కారణంతో కుటుంబాన్ని తోసిపుచ్చకూడదని 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబం అఫిడవిట్ దాఖలు చేస్తే మొదటి భారం తీరుతుంది. ఆ తర్వాత భారం రైల్వే మీదికి మారుతుంది.

మూడోవాడు పట్టాలు దాటుతూ రైలు కిందపడినవాడు. అతను ప్రయాణికుడు కాదు కాబట్టి 124-ఎ వర్తించదు. పైగా అక్రమంగా చొరబడ్డాడంటారు. పట్టాల పక్కన గుడిసెల్లో ఎవరుంటారో, రోజూ ఎవరు పట్టాలు దాటాల్సి వస్తుందో మనకు తెలుసు.

నాలుగోవాడు ఆ అక్క భర్త. నిజానికి చట్టం ఇతని పక్షానే ఉంది. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం పని వల్ల, పని సమయంలో ప్రమాదం జరిగితే యజమాని చెల్లించాలి. యజమాని తప్పు చూపించనక్కర్లేదు. మనిషి చనిపోయినప్పుడు 'తాగి ఉన్నాడు' అనే సాకు కూడా 3వ సెక్షన్ కింద చెల్లదు. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యమైనది. కాంట్రాక్టరు ద్వారా చేయించినా, అది అసలు యజమాని వ్యాపారంలో మామూలుగా భాగమైన పని అయితే, అతని అదుపులోని చోట జరిగితే, పరిహారం అతన్నే అడగవచ్చు. కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవడం ఆ తర్వాత అతని తలనొప్పి. ఈ చట్టాన్ని 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. ఈ మూల సూత్రాలు అందులోనూ ఉన్నాయి.

మరి కేసు ఎక్కడ ఓడిపోతుంది? మొదటి మెట్టు దగ్గరే. 'నేను ఇక్కడ పనివాణ్ణి' అని చూపించే దగ్గర. ప్రయాణికుడికి టికెట్ లేకపోయినా అఫిడవిట్‌తో తలుపు తెరుచుకుంది. పనివాడికి మాత్రం, పేరు రాయని పుస్తకంలోంచి పేరు తెచ్చి చూపించమంటున్నారు.

ఇది కులం ప్రశ్న కూడా. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే అస్పృశ్య కార్మికుల సభలో బాబాసాహెబ్ మాట్లాడారు. మనవాళ్ళు గ్యాంగ్‌మన్లుగానే మిగిలిపోతున్నారని, పోర్టరు ఇంటిపని కూడా చేయాలి కాబట్టి అంటరానివాణ్ణి పోర్టరుగా తీసుకోవడం లేదని అక్కడ విప్పి చెప్పారు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం ఈ ఇద్దరూ కార్మికుడి శత్రువులన్నది ఆ సభలోనే. తర్వాత వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా 1943లో యుద్ధ గాయాల పరిహార బీమా బిల్లు తెచ్చారు. అందులో చెల్లించే బాధ్యతా, బీమా చేయించే బాధ్యతా యజమానిదే.

రుజువు భారాన్ని మార్చడం మన చట్టాలకు తెలియని పని కాదు. పౌర హక్కుల పరిరక్షణ చట్టం 12వ సెక్షన్ చూడండి. ఆ చట్టం కింద నేరమయ్యే పని దళితుడి పట్ల చేస్తే, అది అంటరానితనం కారణంగానే చేశారని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది నిందితుడే. ఎందుకు? ఆ కారణం అతని మనసులో దాగి ఉంటుంది కాబట్టి. హాజరు పుస్తకం యజమాని బీరువాలో దాగి ఉన్నప్పుడు ఇదే తర్కం ఎందుకు పనిచేయకూడదు? ఒకరికే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని వాళ్ళే రుజువు చేయాలని సాక్ష్య అధినియం 109వ సెక్షన్ అంటోంది. ఉన్న పత్రాన్ని దాచిపెడితే అది వాళ్ళకు వ్యతిరేకమైనదని భావించే వీలు 119 ఇస్తోంది. వీటిని మనం గట్టిగా అడగడం లేదు.

అడిగినచోట ఫలితం వచ్చింది. బెజవాడ విల్సన్ సహచరులతో నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో 2014లో సుప్రీంకోర్టు 1993 నుంచి మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలను గుర్తించి 10 లక్షలివ్వాలంది. గుర్తించే పని ప్రభుత్వం మీదే పెట్టింది. 2023లో బల్‌రామ్ సింగ్ కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది.

విద్యార్థులుగా మీరు చేయగల పని ఉంది. ప్రమాదం జరిగిన రోజే ఆసుపత్రి చీటీలో చోటు, సమయం, చేస్తున్న పని రాయించండి. తోటి పనివాళ్ళ మాట వాళ్ళు భయపడకముందే రాసి సంతకాలు తీసుకోండి. గేటు పాసు, యూనిఫాం, బ్యాంకు ఖాతాలో పడిన కూలి, ఫోనులో పని చోట తీసుకున్న ఫోటో, ఏదీ పారేయనివ్వకండి. కాంట్రాక్టు కార్మికుల జాబితా కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు ఏడాది గడువు ఉంటుంది, 1923 చట్టం కింద రెండేళ్ళు ఉండేది. దినాలు, అప్పులు, ఊరి ప్రయాణాల మధ్య ఈ గడువు ఎలా కరిగిపోతుందో మన ఇళ్ళలో చూశాం.

ఆ అక్క రెండేళ్ళు దాటాక నా దగ్గరికొచ్చింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది కాబట్టి దరఖాస్తు వేశాం. తోటి పనివాళ్ళు ఇద్దరు సాక్ష్యం చెబుతామన్నారు. వాయిదా రోజుకి ఒక్కరే వచ్చారు. రాని మనిషిని నేను తప్పుపట్టను. అదే కాంట్రాక్టరు దగ్గర అతనికి మర్నాడు పని ఉంది. ఆ కేసు ఇంకా తేలలేదు.

ఇక్కడి నుంచి వెళ్ళాక ఒక్క పని చేయండి. మీ ఇంట్లో, మీ వీధిలో కాంట్రాక్టు పనికి వెళ్ళేవాళ్ళ దగ్గర, వాళ్ళు పనివాళ్ళని చెప్పే కాగితం ఒక్కటైనా ఉందో లేదో అడగండి. లేకపోతే, దెబ్బ తగలకముందే దాన్ని సంపాదించే పని మొదలుపెడదాం.

జై భీమ్.